కొత్త సాంకేతికత వస్తే వర్ధమాన దేశంలో పాత మాధ్యమాలు పోతాయా? మామూలు జనానికి గొంతు వస్తుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ఇందులో రెండు సందేహాలున్నాయి. మొదటిది, పత్రిక తర్వాత రేడియో, రేడియో తర్వాత టీవీ, టీవీ తర్వాత ఫోన్ అన్నట్టుగా కొత్తది వచ్చినప్పుడల్లా పాతది తప్పుకుంటుందా అన్నది. రెండోది, ఇలా వచ్చే సాంకేతికత మనలాంటి దేశంలో సామాన్యుడి మాటను నిజంగా పైకి తెస్తుందా, లేక అది పాఠ్యపుస్తకాల్లో రాసుకునే ఆశ మాత్రమేనా అన్నది.

సూటిగా చెప్పాలంటే, మొదటి ప్రశ్నకు జవాబు కాదనే. భారతదేశంలో కొత్త సాంకేతికత పాత మాధ్యమాన్ని వెంటనే చంపలేదు, పైగా దానిని చాలాకాలం పెంచి పోషించింది. రెండో ప్రశ్నకు జవాబు, కొంతవరకు అవును. అయితే వార్తను సేకరించి సరిచూసే మనిషికి ఎవరో ఒకరు జీతం ఇస్తున్నంతకాలమే అది అవును. ఏ కొత్త యంత్రం వచ్చినా నేను రెండు విషయాలే చూస్తాను. ఒక పాఠకుడిని లేదా ప్రేక్షకుడిని చేరడానికి అయ్యే ఖర్చు ఎంత తగ్గింది? మిగిలిన ఖర్చును ఇప్పుడు ఎవరు భరిస్తున్నారు? మొదటి దాని గురించి అందరూ మాట్లాడతారు. మాధ్యమం స్వభావాన్ని నిర్ణయించేది మాత్రం రెండోది.

నేను తెలుగు దినపత్రికల డెస్కులో, అంటే వచ్చిన వార్తలను దిద్ది పేజీల్లో పెట్టే విభాగంలో పనిచేసి, తర్వాత వెబ్ విభాగానికి మారినవాడిని. కాబట్టి నాకు బాగా తెలిసిన తెలుగు పత్రికల నుంచే మొదలుపెడతాను.

చేతితో అక్షరాలు కూర్చే రోజుల్లో తెలుగు పత్రికకు ఇంగ్లీషు పత్రికకు లేని ఒక భారం ఉండేది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ కలిపి కంపోజిటర్ ముందు కొన్ని వందల సీసపు అచ్చులు ఉండాలి. ఇంగ్లీషులో అంత అవసరం లేదు, పైగా అక్కడ లైనుకు లైను పోతపోసే యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. అందువల్ల తెలుగు పత్రిక నెమ్మదిగా తయారయ్యేది, ఒకే చోట తయారయ్యేది, రైలూ బస్సూ దాన్ని ఎక్కడికి ఎన్ని గంటలకు చేరిస్తే అప్పుడే అక్కడ తెల్లవారినట్టు. ఫొటో కంపోజింగ్, ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక ఈ ఇబ్బంది ఒక్కసారిగా తొలగిపోయింది. అక్షరం సీసపు ముక్కగా కాక బొమ్మగా మారింది. బొమ్మకు తెలుగైనా ఇంగ్లీషైనా ఒకటే. ఆ తర్వాత పేజీనే తీగ మీద మరో ఊరికి పంపి అక్కడ అచ్చువేసుకునే వీలు కలిగింది.

1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలో మొదలైనప్పుడు తెలుగు పత్రికారంగానికి కేంద్రం విజయవాడ, హైదరాబాద్. ఉత్తరాంధ్ర పాఠకుడికి బయటి ఊళ్లలో అచ్చయిన పత్రిక ఆలస్యంగా అందేది. తెల్లవారేసరికి ఇంటిముందు పత్రిక పడటం అన్న చిన్న విషయమే అక్కడ పెద్ద వ్యాపార రహస్యమైంది. అదే పత్రిక 1989లో జిల్లాకొక టాబ్లాయిడ్ (చిన్న సైజు) అనుబంధం మొదలుపెట్టింది. నా దృష్టిలో తెలుగు మాధ్యమ చరిత్రలో అసలైన మలుపు ఇదే. మిగిలిన పత్రికలన్నీ తర్వాత ఆ దారినే నడిచాయి.

ఎందుకంటే, జిల్లాకు కొన్ని పేజీలు కేటాయించిన మరుక్షణం ఆ పేజీలు రోజూ నింపాలి. నింపాలంటే మండలానికొక విలేకరి కావాలి. నేను చూసిన తొలి కాలంలో ఆ విలేకరి సాయంత్రం తెల్లకాగితాల మీద వార్తలు రాసి, కవరులో పెట్టి, పైన పత్రిక పేరు రాసి, జిల్లా కేంద్రానికి వెళ్లే ఆర్టీసీ బస్సు కండక్టర్ చేతికి ఇచ్చేవాడు. బస్టాండులో మా మనిషి కాచుకుని ఉండి కవర్లన్నీ సంచిలో వేసుకుని తెచ్చేవాడు. బస్సు చెడిపోతే ఆ మండలానికి మర్నాడు వార్త లేదు. తర్వాత ఫ్యాక్స్ వచ్చింది, ఆ తర్వాత పట్టణాల్లో మోడెం పెట్టిన కేంద్రాలు వచ్చాయి. ఒక్కో దశలో మరో గంట ఆలస్యంగా వచ్చిన వార్తను కూడా డెస్కు తీసుకోగలిగేది, ఒక్కో దశలో మరికొన్ని ఊళ్లు పత్రికలోకి వచ్చేవి.

అంతకుముందు ఒక పల్లె పేరు పత్రికలో రావాలంటే అక్కడ హత్య జరగాలి, వరద రావాలి, లేదా మంత్రి రావాలి. జిల్లా పేజీలు వచ్చాక రేషన్ దుకాణంలో తూకం, కూలిన కల్వర్టు, బడికి రాని పంతులు కూడా వార్తలయ్యాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారాకు వ్యతిరేకంగా చేసిన పోరాటం 1992లో జిల్లా దాటి రాష్ట్రమంతా పాకడం వెనుక ఆ మహిళల తెగువ, అక్షరాస్యతా ఉద్యమం ప్రధాన కారణాలు. ఒక ఊరి సంగతి పక్క ఊరికి మర్నాడే తెలియజేసే పత్రికల యంత్రాంగం అప్పటికి సిద్ధమై ఉండటం కూడా అందుకు తోడ్పడింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సామాన్యుడికి గొంతు వస్తుందా అన్న మీ ప్రశ్నకు నేను ఎప్పుడూ మొదట చెప్పే ఉదాహరణ ఇది.

అదే కథకు రెండో ముఖం కూడా చెప్పాలి. ఆ మండల విలేకరుల్లో చాలామందికి జీతం లేదు. అచ్చయిన వార్తల పొడవును బట్టి లెక్కకట్టి ఇచ్చే చిన్న మొత్తం తప్ప మరేమీ ఉండేది కాదు. దానితోపాటు పండగలకు, వార్షికోత్సవాలకు ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా క్రమంగా వారి నెత్తినే పడింది. ఎవరి దగ్గర ప్రకటన అడగాలో వారి మీదే వార్త రాయాల్సి వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పేజీ పంపే ఖర్చు తగ్గిన మేరకు వార్త తెచ్చేవాడి ఆదాయం పెరగలేదు. ఈ లోపం ఆనాటిదే అయినా నేటి యూట్యూబ్ చానళ్లలో కూడా అలాగే కొనసాగుతోంది.

ఇక టీవీ సంగతి. వర్ధమాన దేశాల్లో ఉపగ్రహం గురించి ఎవరు రాసినా 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు నడిచిన సైట్ (ఉపగ్రహం ద్వారా పల్లెలకు విద్యా టీవీ) ప్రయోగాన్ని ప్రస్తావించక తప్పదు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు నేరుగా ప్రసారం చేశారు. తెలుగు కూడా ఆ ప్రసార భాషల్లో ఒకటి. బడి ఆవరణలో ఇనుప వలతో చేసిన పెద్ద డిష్, గదిలో ఊరందరికీ కలిపి ఒకే టీవీ సెట్. సినిమా హాలు కూడా చూడని పల్లెకు పత్రిక కంటే, మంచి రోడ్డు కంటే ముందు ఉపగ్రహ టీవీ వచ్చింది. అన్నీ వరసగా వస్తాయని చెప్పే సిద్ధాంతం ఇక్కడే తప్పిపోతుంది. ఏడాది గడవగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది, నేరుగా అందే ప్రసారం ఆగింది. మన సొంత ఉపగ్రహం ఇన్శాట్-1బి అంతరిక్షంలోకి చేరింది 1983లో. సాంకేతికంగా ఆ ప్రయోగం ఘనవిజయం. దాన్ని రోజూ నడిపించే డబ్బు, సొంత ఉపగ్రహం మాత్రం అప్పటికి లేవు. ఆ 1976లోనే ఇండొనేషియా పలాపా అనే సొంత దేశీయ ఉపగ్రహాన్ని ప్రయోగింపజేసుకుంది. వేల దీవులను ఒకే ప్రసారంతో కలపాలన్నది ఆ ప్రభుత్వ ఆశయం. రెండు చోట్లా మొదట ఉపగ్రహం ప్రభుత్వ గొంతునే మోసింది.

ఆ గొంతుకు పోటీ వచ్చిన తీరు మరీ ఆసక్తికరం. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని విదేశీ చానల్ ప్రత్యక్షంగా చూపించింది. అదే ఏడాది స్టార్, 1992లో జీ, 1995లో తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఈ చానళ్లను ఇళ్లకు చేర్చింది ప్రభుత్వం కాదు, పెద్ద కంపెనీలూ కాదు. మేడమీద డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా తీగలు లాగిన వీధి కేబుల్ ఆపరేటర్లు. వారిని నియంత్రించే కేబుల్ టెలివిజన్ చట్టం వచ్చింది 1995లో, అంటే లక్షల ఇళ్లు కేబుల్ చూడటం మొదలుపెట్టాక. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. వర్ధమాన దేశంలో యంత్రం ముందు వస్తుంది, చట్టం తర్వాత పరుగెత్తుకుంటూ వస్తుంది. ఈ మధ్యకాలంలో ఎవరు చోటు పట్టుకుంటే తర్వాతి ముప్పై ఏళ్లు వారివే. మీరు ఏ దేశాన్ని అధ్యయనం చేసినా ఈ సందును వెతకండి.

టీవీ ఇంతగా విస్తరించిన ఆ దశాబ్దాల్లో పత్రికలు ఏమయ్యాయి? పెరిగాయి. 1970ల చివరిలో హిందీ దినపత్రికల సర్క్యులేషన్ ఇంగ్లీషు దినపత్రికలను దాటింది, ఇతర భారతీయ భాషల్లోనూ ఆ తర్వాత వేగం పెరిగింది. దేశంలో అక్షరాస్యత 1991లో సుమారు 52 శాతం ఉంటే 2011 నాటికి 73 శాతానికి చేరింది. కొత్తగా చదవడం నేర్చుకున్న ఇంట్లో పత్రిక కొనడం గౌరవచిహ్నం కూడా. రాత్రి టీవీలో మ్యాచ్ చూసినవాడు పొద్దున్నే అదే మ్యాచ్ గురించి పత్రికలో చదువుకునేవాడు. అది మా అమ్మకాల్లో స్పష్టంగా కనిపించేది. సబ్బులు, షాంపూల కంపెనీలు చిన్న పట్టణాల మార్కెట్ కోసం వెతుకుతుంటే జిల్లా పేజీలు వారికి దొరికాయి. అమెరికాలో పత్రికల పతనం మీద రాసిన వ్యాసాలను యథాతథంగా మనకు అన్వయిస్తే ఈ దశాబ్దాలు అసలు అర్థం కావు.

రేడియో విషయంలో సాంకేతికత చవకైనా చట్టం అడ్డుపడింది. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పెద్ద ఖర్చు కాదు. అయినా మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు, ఆకాశవాణి వార్తలనే యథాతథంగా వినిపించవచ్చు. అందుకే ఎఫ్ఎం మనకు పాటల పెట్టెగానే మిగిలింది. అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో 2008లో దళిత మహిళలు నడపడం మొదలుపెట్టిన సంఘం రేడియో వంటివి విత్తనాల గురించి, పంటల గురించి, తమ మాటల్లోనే, తమ యాసలోనే మాట్లాడి వేరే దారి చూపించాయి. అయితే చిన్న రేడియో అంటేనే మంచిదని అనుకోకండి. 1994లో రువాండాలో మారణకాండను రెచ్చగొట్టినది కూడా ఒక ఎఫ్ఎం స్టేషనే.

ఇప్పుడు కొంచెం పక్కకు వెళ్లి, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక విషయం చెప్పాలి. అక్షరాల సంగతి. కంప్యూటర్ మీద పేజీలు కట్టడం మొదలైనప్పుడు ప్రతి పత్రికా తన సొంత ఫాంటు తయారుచేయించుకుంది, బయట కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే డీటీపీ కేంద్రాలు ఎక్కువగా 'అను' అనే తెలుగు ఫాంట్ల మీద నడిచేవి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే సంకేతాలు ఇచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. కానీ పేజీలు కట్టే పేజీమేకర్ వంటి సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. ఒత్తు ఒకచోట, అక్షరం ఇంకొకచోట పడేది. కాబట్టి మేం పాత ఫాంట్లలోనే ఉండిపోయాం. వాటిలో తెలుగు అక్షరం వెనుక నిజానికి ఏదో ఇంగ్లీషు గుర్తు ఉంటుంది, తెరమీద మాత్రం తెలుగులా కనిపిస్తుంది. తొలి వెబ్‌సైట్లలో పాఠకుడు ముందు మా ఫాంటు దించుకుంటేనే వార్త కనిపించేది, లేకపోతే అర్థంకాని గుర్తుల వరస. సెర్చ్ ఇంజిన్‌కు ఫాంటుతో పనిలేదు, అది వెనుకనున్న గుర్తులనే చదువుతుంది. ఆ రకంగా ఏళ్ల తరబడి మేం రాసినదంతా ఇంటర్నెట్‌లో ఉండి కూడా లేనట్టే అయింది. ఒక రైతు ఆత్మహత్య వార్తల కోసమో, ఒక ప్రాజెక్టు శంకుస్థాపన తేదీ కోసమో వెతికితే ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన నాలుగు ముక్కలే దొరికేవి. మేం క్షేత్రం నుంచి రాసిన పూర్తి కథనం దొరికేది కాదు. తర్వాత పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పని నేను దగ్గరుండి చూశాను. కన్వర్టర్ తొంభై పాళ్లు సరిగ్గా మార్చేది, మిగిలిన పదింటిలో వ్యక్తుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉండేవి. వాటిని మనిషే కూర్చుని దిద్దాలి. అంత మనిషిశక్తికి యాజమాన్యాలు డబ్బు పెట్టవు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. యాపిల్ కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేసింది. అప్పుడు అందరూ నవ్వుకున్నారు గానీ, నాకు అందులో అసలు విషయం కనిపించింది. యంత్రం మన భాష కోసం తయారుకాదు, వేరే భాష కోసం తయారై మన దగ్గరికి వస్తుంది. మనం సర్దుకునే ఆ మధ్యకాలంలో పోయినదాని లెక్క ఎవరూ రాయరు.

ఇక ఫోన్. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర పడిపోయింది, ఆ తర్వాత మా వెబ్ విభాగంలో చదివేవారి కంటే చూసేవారే ముఖ్యమయ్యారు. చదవడం అనే మెట్టు లేకుండా నేరుగా వీడియోకు వెళ్లిన కోట్ల మందికి ఇది నిజంగా ద్వారం తెరిచింది. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో గ్రామీణ మహిళలు మొదలుపెట్టిన ఖబర్ లహరియా అనే పత్రిక ఇప్పుడు వీడియోలతో నడుస్తోంది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర అయితే స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేని పద్ధతి పెట్టింది. మామూలు ఫోన్ నుంచి కాల్ చేసి, గోండి వంటి తన భాషలో తన ఊరి సమస్య చెప్పవచ్చు, దాన్ని సరిచూసి మిగతావారికి వినిపిస్తారు. అడవిలో ఉన్న మనిషికి మాధ్యమం కావాలంటే అత్యాధునిక యంత్రమే కావాలని లేదు, ఆయన చేతిలో ఇప్పటికే ఉన్నదాన్ని ఎలా వాడుకోవాలో ఆలోచించేవారు కావాలి.

అయితే చేతిలో ఉన్నది అందరికీ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 లెక్కల ప్రకారం, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు మూడో వంతు మాత్రమే, పురుషుల్లో సగానికి పైగా ఉన్నారు. తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు 54 శాతం. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో వార్తల ఎంపికను కూడా అదే నిర్ణయిస్తుంది. ఈ లెక్కలు ఆ తర్వాత మారి ఉంటాయి, అయినా తేడా పూర్తిగా పోయిందని నేను అనుకోను.

పుకార్ల సంగతి మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారన్న సందేశాలతో 2018లో పలు రాష్ట్రాల్లో అమాయకులను కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్రలోని ధులె జిల్లాలో ఒక్కచోటే ఐదుగురు చనిపోయారు. ఆ నెలలోనే వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా పరిమితి పెట్టింది. మయన్మార్‌లో ఇది ఇంకా తీవ్రంగా జరిగింది. అక్కడ 2014కు ముందు సిమ్ కార్డు సామాన్యుడికి అందని ధర. ఆ ఏడాది విదేశీ కంపెనీలు రాగానే అది కారుచౌకైంది, పత్రికా సంస్కృతి నిలదొక్కుకోకముందే దేశమంతా ఫేస్‌బుక్‌లోకి వచ్చి పడింది. అక్కడి ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాలపై విద్వేషం పెరగడంలో ఆ వేదిక పాత్ర ఉందని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో చెప్పింది. మన దేశంలో పరిస్థితి అంతదాకా వెళ్లకపోవడానికి అనేక కారణాలున్నాయి, దశాబ్దాలుగా స్థిరపడిన పత్రికలు వాటిలో ఒకటని నా అభిప్రాయం.

ఇక్కడ చిన్నదనిపించే ఒక తేడా ఉంది. దినపత్రిక చివరి పేజీ అడుగున ముద్రాపకుడు, ప్రచురణకర్త, ఎడిటర్ పేర్లు, చిరునామా ఉంటాయి. 1867 నాటి చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఇప్పుడు దాని స్థానంలో 2023 నాటి కొత్త చట్టం వచ్చింది. వార్త తప్పయితే ఎవరి మీద కేసు వేయాలో ఆ రెండు లైన్లు చెబుతాయి. మా డెస్కులో రాత్రి పదకొండు గంటలకు ఒక ఆరోపణను ఆపేసేవాళ్లమంటే అది మా గొప్ప నైతికత వల్ల మాత్రమే కాదు, అడుగున ఉన్న ఆ పేర్ల వల్ల కూడా. ఫార్వర్డ్ అయిన సందేశానికి అడుగున అలాంటి లైను లేదు.

డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే పత్రిక చనిపోతుందా అన్న మీ అనుమానానికి జవాబు అక్కడే ఉంది. మన దినపత్రిక ధర దాని తయారీ ఖర్చు కంటే తక్కువ, ఆ తేడాను ప్రకటనలు పూడుస్తాయి. ఫోన్ వచ్చాక పాఠకుడు మా వార్తే చదువుతున్నా, ప్రకటన డబ్బులో పెద్ద వాటా ఆ వార్తను చూపించే సెర్చ్, సామాజిక వేదికలకు పోతోంది. వెబ్‌లో వెయ్యి మంది చదివితే వచ్చేది, అచ్చులో అదే వెయ్యి మంది మీద వచ్చేదానితో పోల్చదగినది కాదు. 2020 లాక్‌డౌన్‌లో ప్రకటనలు ఆగిపోగానే పేజీలు తగ్గాయి, జిల్లా అనుబంధాలు చాలాచోట్ల ప్రధాన పత్రికలోకి కుదించుకుపోయాయి. కాబట్టి నా అంచనా ఇది: పత్రికల పేర్లు ఉంటాయి, భవనాలు ఉంటాయి, మొదట ఖాళీ అయ్యేది మండల స్థాయి. 1989లో సాంకేతికత ఏ పొరను కొత్తగా చేర్చిందో, ఇప్పటి సాంకేతికత ముందుగా ఆ పొరనే తీసేస్తోంది. ఖాళీ అయిన చోట ప్రభుత్వ ప్రకటనలమీద, స్థానిక నాయకుల దయమీద బతికే చానళ్లు వస్తున్నాయి. వాటిలో నిజాయితీగా పనిచేసేవి లేకపోలేదు, కానీ వాటిని నిలబెట్టే ఆదాయమార్గం నాకు ఇంతవరకు కనిపించలేదు.

కృత్రిమ మేధ గురించి కూడా అడుగుతారేమో. 2023 జులైలో ఒడిశాలో ఓటీవీ అనే చానల్ లీసా అనే కృత్రిమ యాంకర్‌ను తెరమీదకు తెచ్చింది. అనువాదం, శీర్షికలు, వార్తల చదువు, ఇవన్నీ చవకవుతాయి. ఇంగ్లీషు ఏజెన్సీ వార్తను తెలుగులోకి మార్చడమే పనిగా ఉన్న సబ్‌ఎడిటర్ ఉద్యోగానికి ముప్పు నిజమే. కల్వర్టు కూలిందో లేదో చూసి రావడం మాత్రం చవకవలేదు.

మీరు దీనిమీద పరిశోధనాపత్రం రాస్తున్నట్టయితే, దేశం మొత్తాన్ని తీసుకోకండి. ఒక జిల్లాను తీసుకోండి. అక్కడ ముప్పై ఏళ్ల కిందట ఎంతమంది విలేకరులుండేవారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, అప్పుడు వారికి ఎవరు ఎంత ఇచ్చేవారు, ఇప్పుడు ఎవరు ఇస్తున్నారు అన్నది పాత విలేకరులను కలిసి రాసుకోండి. దానితోపాటు ఆ జిల్లా అనుబంధాల పాత ప్రతులను గ్రంథాలయంలో తిరగేసి, ఎన్ని ఊళ్ల పేర్లు వచ్చాయో, ఎన్ని ప్రకటనలు ఎవరివో లెక్కించండి. సర్క్యులేషన్ అంకెలు, డౌన్‌లోడ్ అంకెలు యాజమాన్యాలు ఎలాగూ ఇస్తాయి, వాటిని చివర్లో చూడవచ్చు.